ఆరేళ్ల పాపకు రెండుసార్లు మత్తు సూది వేసినా పన్ను ఎందుకు మొద్దుబారలేదు?

ప్రశ్న: రాజోలు ప్రాంతం నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. మా పాపకు ఆరేళ్లు నిండి రెండు నెలలైంది. కింది దవడలో కుడివైపు చివరి పాలపన్ను పిప్పిపట్టి, నాలుగైదు రాత్రులు నిద్ర లేకుండా ఏడ్చింది. మా అత్తగారు లవంగ నూనెలో ముంచిన దూది పెట్టారు. ఒక రాత్రి గడిచింది గాని మర్నాడు నొప్పి మళ్లీ మొదలైంది. దగ్గరి పట్టణంలో పళ్ల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, నోటి వెనుక భాగంలో మత్తు సూది వేసి పది నిమిషాలు కూర్చోబెట్టి పని మొదలుపెట్టారు. పన్నును ముట్టుకోగానే పాప కెవ్వుమంది. రెండో సూది కూడా వేశారు. అయినా అదే కేక. అప్పుడు ఆయన, "మందు పనిచేస్తోందమ్మా, పిల్ల మొండితనం చేస్తోంది, భయం పోయాక తీసుకురండి" అని పంపించేశారు. ఇంటికి వచ్చేదాకా పాప పెదవి కొంచెం కూడా తిమ్మిరెక్కలేదు. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తుపట్టడం తెలియలేదు.

పోయినేడు మా పెద్దబ్బాయికి, వాడికప్పుడు పన్నెండేళ్లు, ఇదే డాక్టరు గారు కింది దవడ పన్నుకే ఇలాంటి సూదే వేస్తే ఒక్కసారికే మొద్దుబారి, వాడు చప్పుడు చేయకుండా వైద్యం చేయించుకున్నాడు. అందుకే నేను కూడా పాపనే కసిరాను. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు బాధగా ఉంది.

వారం తర్వాత పాపను రాజమండ్రి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు ముందు ఏదో జెల్ రాసి, మొదటి డాక్టరు గారి కంటే బాగా కిందుగా సూది వేశారు. ఐదు నిమిషాల్లో పాప తన పెదవి లావైపోయిందని అద్దం అడిగింది. పన్నులోని నరానికి వైద్యం చేసినంతసేపూ కదలలేదు. నేను కారణం అడిగితే ఆవిడ "చిన్నపిల్లల్లో నరం కిందుగా ఉంటుందమ్మా" అని ఒక్క మాటే అన్నారు. బయట చాలామంది వేచి ఉన్నారు గనుక ఇంకేమీ అడగలేకపోయాను.

ఒకే నోట్లో అదే నరం వయసును బట్టి చోటు మారుతుందా? పై పళ్లకైతే చిగురు పక్కన చిన్న సూదితో సరిపెడతారు, కింది పళ్లకు మాత్రం అంత వెనక్కి ఎందుకు వెళ్లాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: పిల్లల దంత వైద్యురాలు, భీమవరం

అమ్మా, మీ పాప మొండితనం చేయలేదు. పెదవి తిమ్మిరెక్కలేదని మీరు రాసిన ఆ ఒక్క వాక్యంతోనే మందు చేరవలసిన చోటికి చేరలేదని తెలిసిపోతోంది. ఆ రోజు పాప నొప్పి అని చెప్పింది, అది నిజంగా నొప్పే.

కింది దవడ పళ్లకు స్పర్శనిచ్చే నరం పళ్ల వేళ్ల కిందుగా, ఎముక లోపల ఒక సన్నని సొరంగంలో నడుస్తుంది. మన దవడ ఎముక వెనుక భాగంలో పైకి తిరిగి చెవి ముందరి దాకా లేస్తుంది కదా, ఆ నిలువు భాగానికి నాలుక వైపున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. నరం ఎముకలోకి దూరేది అక్కడే. దూరిన తర్వాత బయటి నుంచి పోసిన మందు దానికి అందడం కష్టం గనుక, దూరకముందే ఆ రంధ్రం దగ్గర మందు వదలాలి. కాలువ తల దగ్గర తూము తలుపు దించితే దాని కింద ఉన్న బోదెలన్నింటికీ నీరు ఆగిపోయినట్టు, అక్కడ పట్టుకుంటే ఆ వైపు కింది పళ్లన్నీ, పెదవిలో సగమూ, గడ్డంలో సగమూ మొద్దుబారతాయి. నాలుకకు వెళ్లే నరం కూడా ఆ పక్కనే నడుస్తుంది గనుక సాధారణంగా నాలుక సగం కూడా తిమ్మిరెక్కుతుంది.

ఆ రంధ్రం ఎంత ఎత్తులో ఉందన్నది వయసుతో మారుతుంది. పై పళ్లూ కింది పళ్లూ ఆనే మట్టాన్ని గీతగా అనుకుంటే, పాలపళ్ల వయసులో రంధ్రం ఆ గీతకు కిందుగా ఉంటుంది. ఎక్స్-రేల మీద వయసులవారీగా తీసిన ఒక కొలతలో మూడేళ్ల పిల్లల్లో అది గీతకు దాదాపు 4 మిల్లీమీటర్లు కింద, తొమ్మిదేళ్ల వయసుకు దాదాపు గీత మీద, పెద్దవారిలో దాదాపు 4 మిల్లీమీటర్లు పైన కనిపించింది. వేరే కొలతల్లో అంకెలు కొంత అటూ ఇటూ ఉంటాయి, ఒకే వయసు పిల్లల మధ్య కూడా తేడాలుంటాయి. కాని వయసుతో పైకి జరుగుతుందన్నది మా చదువులో మొదటి పాఠాల్లో ఒకటి. పెద్దవారికి ఈ సూది వేసేటప్పుడు సిరంజిని ఆ గీతకు 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుంటాం. అదే అలవాటుతో ఆరేళ్ల పాపకు వేస్తే మందు రంధ్రానికి సుమారు ఒక సెంటీమీటరు పైన పడుతుంది. అంత చిన్న దవడలో ఒక సెంటీమీటరు చాలా దూరం. మీ పెద్దబ్బాయికి పన్నెండేళ్లు గనుక వాడి రంధ్రం అప్పటికే పైకి చేరి ఉంటుంది, పెద్దవారి పద్ధతి వాడికి సరిపోయింది. ఒకే డాక్టరు, ఒకే సూది అయినా ఫలితం రెండు విధాలుగా రావడానికి ఎక్కువగా ఇదే కారణమై ఉంటుంది.

ఎత్తుతో పాటు లోతు కూడా మారుతుంది. దవడ నిలువు భాగం పిల్లల్లో ముందు నుంచి వెనక్కి సన్నగా ఉంటుంది. పెద్దవారిలో సూది 20 నుంచి 25 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తే, చిన్నపిల్లల్లో 15 మిల్లీమీటర్ల దగ్గరే ఎముక తగలాలి. ఎముక తగలకపోయినా ముందుకే తోస్తే సూది మొన ఎముక వెనుక అంచు దాటి చెవి కింది లాలాజల గ్రంథిలోకి చేరవచ్చు. ముఖ కండరాలను కదిలించే నరం ఆ గ్రంథిలో నుంచే వెళ్తుంది. అక్కడ మందు పడితే కొన్ని గంటలపాటు ఆ వైపు మూతి వంకరపోయి, కన్ను మూతపడదు. మందు దిగగానే తగ్గిపోతుంది, కాని ఆ కొన్ని గంటలు కన్నతల్లిదండ్రులు పడే ఆందోళన మాటల్లో చెప్పలేనిది. అందుకే ఎముకను తాకిన తర్వాతే, సిరంజి లోపలి కాడను కొంచెం వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకున్న తర్వాతే, నెమ్మదిగా మందు వదలాలని మాకు పదేపదే నేర్పిస్తారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఎముక స్వభావంలో ఉంది. లంక భూముల ఇసుకలో బిందెడు నీళ్లు పోస్తే పోసినంతసేపట్లో ఇంకిపోతాయి, నల్లరేగడిలో పోస్తే పైనే నిలుస్తాయి. పై దవడ ఎముక పలుచగా, సన్నని రంధ్రాలతో ఇసుక నేల లాగా ఉంటుంది. పన్ను వేరు కొనకు ఎదురుగా చిగురు పక్కన మందు వదిలితే ఎముకలో ఇంకి నరాన్ని చేరుతుంది. కింది దవడ వెనుక భాగం పెద్దవారిలో దట్టమైన రేగడి వంటిది, మందు ఇంకదు. చిన్నపిల్లల్లో మాత్రం కింది ఎముక కూడా పలుచగానే ఉంటుంది గనుక, మూడు నాలుగేళ్ల పిల్లలకు కింది పన్ను పక్కన వేసిన సూది కూడా చాలాసార్లు పనిచేస్తుంది. వయసు పెరిగే కొద్దీ, పన్ను వెనక్కి వెళ్లే కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

దీనికి మేము ఒక చిన్న లెక్క వాడతాం. ముందు మధ్య పన్నును ఒకటిగా, చివరి పాలపన్నును ఐదుగా లెక్కపెట్టి, ఆ అంకెకు పిల్లల వయసు కలపాలి. మొత్తం పది లోపు ఉంటే పన్ను పక్కన సూది చాలు, పది దాటితే వెనుక రంధ్రం దగ్గర వేయడం మంచిది. నాలుగేళ్ల బాబుకు నాలుగో పన్ను అయితే ఎనిమిది, పక్క సూది సరిపోతుంది. మీ పాపకు ఆరు, ఐదు కలిపితే పదకొండు. అందుచేత మొదటి డాక్టరు గారు ఎంచుకున్న సూది సరైనదే, వేసిన ఎత్తు సరిపోలేదు. మామూలుగా వాడే మత్తు మందు లిగ్నోకెయిన్ బదులు ఆర్టికెయిన్ అనే మరో మత్తు మందు వాడితే అది ఎముకలో మరింత బాగా ఇంకుతుంది గనుక కొందరు పిల్లలకు వెనుక సూది అవసరం తప్పుతుంది. అయితే నాలుగేళ్ల లోపు పిల్లలకు దానిని సిఫారసు చేయరు.

పై దవడలో కూడా ఒక చిక్కుంది. చెంప ఎముక దిగివచ్చే చోటు పిల్లల్లో పళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది. చివరి పాలపన్ను మీదా, ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను మీదా ఎముక మందంగా ఉండి మందు సరిగా ఇంకదు. అలాంటప్పుడు ఇంకొంచెం వెనుక మరో సూది కావలసి రావచ్చు. అది డాక్టరు చేతకానితనమని అనుకోవద్దు.

ఇంకొక విషయం. చీము పట్టిన పన్ను చుట్టూ ఆమ్లగుణం పెరుగుతుంది, ఆ వాతావరణంలో మత్తు మందు నరంలోకి చొరబడే శక్తి తగ్గుతుంది. నాలుగైదు రాత్రులు ఏడ్పించిన పన్ను గనుక మీ పాప విషయంలో ఇది కూడా కొంత కలిసి ఉండవచ్చు. కాని పెదవే తిమ్మిరెక్కలేదంటే ప్రధాన కారణం సూది చోటే.

మొదటి డాక్టరు గారిని నేను పూర్తిగా తప్పుపట్టను. రోజంతా పెద్దవారికి వైద్యం చేసే చేతికి ఆ ఎత్తే అలవాటవుతుంది. ఈ సూది మొదటిసారి ఫలించకపోవడం అనుభవజ్ఞుల చేతుల్లో కూడా జరుగుతుంది. అయితే నొప్పి అంటున్న పిల్లను మొండి అనడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. పని మొదలుపెట్టే ముందు "పెదవి ఎలా ఉందమ్మా, లావుగా అనిపిస్తోందా, రెండు వైపులా ఒకేలా ఉందా" అని అడిగి, చిగురును మొనతో మెల్లగా తాకి చూస్తే అర నిమిషంలో తెలిసేది. ఇకపై మీరే ఆ ప్రశ్న అడగండి. ఆరేళ్ల పిల్లలు చక్కగా జవాబిస్తారు. మీ పాప అద్దం అడగడమే అందుకు సాక్ష్యం.

సమాధానం: విశ్రాంత శరీరశాస్త్ర అధ్యాపకుడు, కాకినాడ

డాక్టరమ్మ గారు చెప్పినదానికి ఎముక వైపు నుంచి కొంచెం చేర్చాలనిపించింది. చాలా ఏళ్లు పసిపిల్లల, పెద్దవారి, వృద్ధుల దవడ ఎముకలను బల్ల మీద పక్కపక్కన పెట్టి విద్యార్థులకు చూపించాను. పిల్లల దవడ పెద్దవారి దవడకు చిన్న నమూనా అనుకునే పొరపాటు ఆ మూడింటినీ చూసిన క్షణంలో పోతుంది.

పుట్టినప్పుడు కింది దవడ రెండు ముక్కలుగా ఉంటుంది, గడ్డం దగ్గర అవి మొదటి ఏడాదిలో కలిసిపోతాయి. అడ్డ భాగానికీ నిలువు భాగానికీ మధ్య కోణం పుట్టుకలో దాదాపు 175 డిగ్రీలు, అంటే నిలువు భాగం దాదాపు పడుకునే ఉంటుంది. నాలుగేళ్లకు అది సుమారు 140 డిగ్రీలకు, యౌవనంలో 110 నుంచి 120 డిగ్రీలకు దిగి, నిలువు భాగం లేచి నిలబడుతుంది. మనం మాట్లాడుకుంటున్న రంధ్రం ఈ నిలువు భాగం మీదే ఉంది. అది ఎత్తు పెరుగుతూ లేస్తుంటే, పళ్ల మట్టంతో పోల్చినప్పుడు రంధ్రం కూడా పైకి జరిగినట్టు కనిపించడంలో వింత లేదు.

పెరిగే తీరు గోదావరి ఒడ్డున పుట్టినవారికి చెప్పనక్కరలేదు. నది ఒక గట్టును కోస్తూ మరో గట్టున మేట వేసినట్టే, దవడ నిలువు భాగం ముందు అంచున ఎముక కరుగుతూ, వెనుక అంచున కొత్త ఎముక చేరుతూ ఉంటుంది. ముందు కరిగిన చోటనే ఆరేళ్లకు మొదటి శాశ్వత దవడ పన్నుకూ, పన్నెండేళ్లకు రెండో దానికీ స్థలం దొరుకుతుంది. జాన్ హంటర్ 18వ శతాబ్దంలోనే ఈ సంగతి గమనించాడు. సూది వేసేవారికి దీని అర్థం ఏమిటంటే, వారు వేలితో తడిమి గుర్తుగా పెట్టుకునే ముందు అంచు కూడా పాత చోట ఉండదు.

నరం బయటికి వచ్చే రంధ్రం మరొకటి గడ్డం పక్కన ఉంది. పిల్లల్లో అది పాలపళ్ల కింద, దవడ కింది అంచుకు దగ్గరగా ఉంటుంది. యౌవనంలో ఎముక ఎత్తుకు సగంలో, పళ్లన్నీ పోయిన వృద్ధుల్లో పై ఎముక అరిగిపోయి దాదాపు పై అంచు దగ్గర ఉంటుంది. కట్టుడు పళ్లు పెట్టుకున్న మన పెద్దవాళ్లు కొందరు నమిలినప్పుడల్లా పెదవిలో జివ్వుమంటోందని అనడానికి, ఆ నరం మీద పళ్లసెట్టు ఒత్తిడి ఒక కారణం. ఇంట్లో ఎవరైనా అలా అంటే సెట్టును ఆ చోట అరగదీయించమనండి.

సమాధానం: ఒక తండ్రి, పాలకొల్లు

సూది పనిచేసిన తర్వాతి సంగతి ఎవరూ రాయలేదు గనుక నా అనుభవం చెబుతున్నాను. మా ఐదేళ్ల బాబుకు కింది దవడకు ఇలాంటి సూదే వేశారు, వైద్యం బాగా జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాడు నా ఒడిలో పడుకుని, తిమ్మిరెక్కిన కింది పెదవిని చప్పరిస్తూ కొరుక్కుంటూ వచ్చాడు. నొప్పి తెలియదు గనుక వాడికి అదొక ఆటగా ఉంది. నేను నిద్రపోతున్నాడనుకున్నాను. సాయంత్రానికి పెదవి బొబ్బలా వాచి, రెండో రోజుకు దాని మీద తెల్లటి పొర కట్టింది. చీమనుకుని మందుల షాపులో యాంటీబయాటిక్ కొని రెండు రోజులు తాగించాను. ఇంట్లో పసుపు పెట్టమన్నవారు పెట్టమన్నారు. తర్వాత డాక్టరు గారు చూసి, అది చీము కాదనీ, కొరికిన గాయం మానేటప్పుడు నోట్లో అలాగే తెల్లగా కనిపిస్తుందనీ, ఆ యాంటీబయాటిక్ అవసరమే లేదనీ చెప్పారు. గోరువెచ్చని ఉప్పు నీళ్లు పుక్కిలించడం, పెదవి ఎండిపోకుండా వాజలిన్ రాయడం, ఇంతే చేశాం. పది రోజుల్లో మచ్చ కూడా లేకుండా మానిపోయింది.

పన్నులో మత్తు ముందే దిగినా పెదవిలో తిమ్మిరి రెండు మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఉంటుందని నాకు అప్పుడు తెలియదు. అంతసేపూ పిల్లవాడిని నిద్రపోనివ్వకండి. నమిలే తిండి, వేడి పాలు ఇవ్వకండి. ఆకలంటే కొబ్బరినీళ్లు పట్టండి. పెదవికీ పళ్లకూ మధ్య దూది చుట్ట పెట్టించుకుని, దారిలో అది ఉందో లేదో చూస్తూ ఉండండి.

ప్రశ్న అడిగిన తల్లి

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ రోజు నీది తప్పు కాదమ్మా, సూది సరైన చోట పడలేదు, నేను కసరకుండా ఉండవలసింది అని చెప్పాను. "నేను చెప్పాను కదమ్మా" అంది.

ఇంకొక్క సందేహం మిగిలింది. మొదటి రోజు రెండు సూదులు, వారానికి మళ్లీ ఒకటి పడ్డాయి. పాప బరువు 18 కిలోలు. అంత మందు వల్ల ముందు ముందు ఏమైనా ఇబ్బంది ఉంటుందా? అలాగే ఊడిపోయే పాలపన్నుకు ఇంత వైద్యం దేనికని మా ఇంట్లో ఇంకా అంటున్నారు.

సమాధానం: పిల్లల దంత వైద్యురాలు, భీమవరం

ఆ రోజున ఏ ఇబ్బందీ రాలేదు గనుక ఇకపై దాని వల్ల ఏమీ కాదమ్మా. లిగ్నోకెయిన్ రక్తంలో సగానికి తగ్గడానికి రెండు గంటలు కూడా పట్టదు, వారం తర్వాత వేసిన సూదిని దానితో కలిపి లెక్కపెట్టనక్కరలేదు. అయితే ఒకే రోజు వేసే మొత్తం మీద పరిమితి ఉంది, ఆ పరిమితిని పిల్లల బరువే నిర్ణయిస్తుంది. మేము పాటించే హద్దు కిలోకు 4.4 మిల్లీగ్రాములు. 18 కిలోలకు అది 79 మిల్లీగ్రాములు. మామూలుగా వాడే రెండు శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు ఉంటాయి, అంటే మీ పాపకు ఒక రోజుకు 4 మిల్లీలీటర్ల లోపే. రెండు మిల్లీలీటర్ల సిరంజీలు నిండుగా రెండు వేస్తే 80 మిల్లీగ్రాములు, ఆ హద్దును కొద్దిగా దాటినట్టే. పెద్దవారికి రెండు మూడు సూదులు వేయడం మాకు మామూలు విషయం, పిల్లలకు మాత్రం రెండో సూది ఎత్తే ముందే లెక్క చూసుకోవాలి. మూడోది వేయకుండా పంపించిన ఆ డాక్టరు గారు ఆ ఒక్క విషయంలో సరిగానే చేశారు.

మందు ఎక్కువైతే చెవుల్లో హోరు, మాట తడబాటు, కండరాలు అదరడం, ఆ తర్వాత మూర్ఛ రావచ్చు. పిల్లల్లో మగత కూడా ఒక గుర్తు, దానిని బుద్ధిగా పడుకున్నారని పొరబడే ప్రమాదం ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున బరువు తూచి చెప్పండి, అంతకుముందు పడిన సూదుల సంగతి, గుండె జబ్బులూ మూర్ఛలూ ఏవైనా ఉంటే అవీ దాచకుండా చెప్పండి.

ఇంట్లో వారికి ఇలా చెప్పండి. ఆ చివరి పాలపన్ను పాపకు పది నుంచి పన్నెండేళ్ల వయసు వచ్చేదాకా ఊడదు. ఇంకా నాలుగైదేళ్లు దానితోనే నమలాలి. అది ముందే పోతే దాని వెనుక ఇప్పుడు వస్తున్న శాశ్వత దవడ పన్ను ముందుకు జరిగి, కింద ఎదురుచూస్తున్న కొత్త పన్నుకు దారి మూసేస్తుంది. ఆ కొత్త దవడ పన్ను వచ్చిందో లేదో ఈ వారంలో పాపను వెలుతురులో కూర్చోబెట్టి మీరే చూడండి. వచ్చి ఉంటే దాని మీది గుంటలు పుచ్చకుండా పూత పూయించుకోవచ్చు, దానికి సూది అవసరం లేదు.